“ఇది చదువుము” అను మాట

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినపుడు, ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్ర నంతయు వ్రాయవలెనేమో యని మొదట తలచితిని. ఆ పని పెద్దలు చేసియే యున్నారు. భవనములు కట్టించినవారి పేర్లు, మహాసభల కధ్యక్షత వహించినవారి పేర్లు వారి గ్రంథములలో గలవు. వానిలో తఱచుగా కానరాని విషయ మొకటి యున్నది. అలమారులో నున్న పుస్తకమును మనుష్యుని చేతిలోనికి తెచ్చినదేది? చాలమారు అది యొక స్నేహితుని నోటిమాట. “ఇది చదువుము” అను రెండు పదములకును చరిత్ర యున్నది. ఆ చరిత్ర ఇప్పు డొక మలుపులో నున్నది గనుక దానినే వ్రాయుచున్నాను.

తెలుగు వాఙ్మయము స్నేహముతోనే యారంభమైనది. నన్నయభట్టు భారతమును తెనిగించునపుడు తనకు తోడ్పడిన సహాధ్యాయుడు నారాయణభట్టును పేరు చెప్పి స్మరించెను. ఆ నారాయణభట్టునకు రాజరాజనరేంద్రుడు నందంపూడి యగ్రహార మిచ్చిన శాసనము 1053వ సంవత్సరమునాటిది. గ్రంథమున పేరు, శాసనమున మాన్యము: స్నేహితుని యుపకారమునకు ఇంత గట్టి ఋజువు దొరకుట యరుదు.

తాటియాకుల కాలమున “ఇది చదువుము” అనుట చులకనయైన మాట కాదు. చదువవలెనన్న ముందు వ్రాసికొనవలెను. పొరుగూరి బంధువునింట మంచి ప్రతి యున్నదని తెలిసినచో అక్కడికి పోయి, వారి యింటనే బసచేసి, గంటము పట్టుకొని వారములు, మాసములు కూర్చుండవలెను. కావ్యము చివర లేఖకుడు తన వీపు వంగినదనియు, చూపు మందగించినదనియు, దీనిని బిడ్డవలె కాపాడుడనియు మొఱపెట్టుకొనుట వ్రాతప్రతులు చూచినవారికి తెలిసినదే. పరుల చేతికి పోయిన పుస్తకము మరలి రాదని చెప్పు సంస్కృత శ్లోకము ఆ కష్టమునుండియే పుట్టియుండును. అంతటి శ్రమకు స్నేహితుని పురికొల్పువాడు ఆ కావ్యమును తాను బాగుగ చదివినవాడై యుండవలెను. లేనిచో మరునా డతని మొగము చూచువాడుండడు.

చెప్పువాడు లేనిచో పుస్తకమున కేమగునో తెలిసికొనుటకు నన్నెచోడుని కుమారసంభవమును చూడవచ్చును. కొన్ని శతాబ్దములు ఆ కావ్యము పేరే పండితలోకమున వినబడలేదు. తంజావూరి సరస్వతీమహలులో తాటియాకుల నడుమ పడియుండెను. మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలికి దీసి 1909లో అచ్చువేయించిరి. కవి కాలమును గూర్చి పండితులు చాలకాలము వాదులాడుకొనిరి. ఆ వాదముతో మన కిక్కడ పనిలేదు. కావ్యము చెడలేదు, కాలలేదు, చెదలు తినలేదు. ఇది యున్నదని యొకరి కొకరు చెప్పుకొనుట నిలిచిపోయెను, అంతే.

వేమన పద్యముల సంగతి దీనికి పూర్తిగా వేఱు. వానికి వ్రాతప్రతులకంటె నోళ్లే యెక్కువ కాపు కాచినవి. కడప ప్రాంతమున ఉద్యోగము చేసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొర ఊరూర వ్రాతప్రతులు తెప్పించి, పండితులకు జీత మిచ్చి పాఠములు సరిచూపించి, 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. పరదేశి వచ్చి మన పుస్తకమును మనకు చెప్పవలసివచ్చెనే యని కొందఱు చిన్నబుచ్చుకొందురు. నాకట్లు తోచదు. ఎవరు చెప్పిరన్నది కాదు, చదివి చెప్పెనా లేదా యన్నదే ముఖ్యము. బ్రౌను చదివి చెప్పెను.

ఇక నా మనసున కెంతయు నచ్చిన యుదాహరణము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830వ సంవత్సరము మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తాల మీదుగా తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. మజిలీ మజిలీకి తాను చూచినదంతయు, అనగా దారి యెట్లున్నది, నీరు మంచిదా, బియ్యము దొరకునా, ఏ నాణెము చెల్లును, ఊరివారి మర్యాద యెట్టిది యను సంగతులన్నియు, తన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి తెలియజేయుటకై వ్రాసెను. అది కావ్యభాష కాదు. మిత్రునితో మాటలాడు భాష. అందుచేతనే నేటికిని హాయిగా చదువబడుచున్నది. వీరాస్వామయ్యగారు 1836లో స్వర్గస్థులైరి. పిళ్ళెగారు ఆ వ్రాతలను తమ పెట్టెలో దాచుకొనియుండిన అడుగువాడెవ్వడు? వారట్లు చేయక, మిత్రుడు తనకు వ్రాసినది దేశము చదువవలెనని 1838లో అచ్చువేయించిరి. నూఱేండ్ల పిమ్మట 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల సంస్కరించి ప్రకటించిరి. ఒక స్నేహితునికి వ్రాసిన జాబులు ఇట్లు జాతి సొత్తైనవి. నేటి సెల్‌ఫోనులలో మిత్రులు ఒండొరులకు పంపుకొను యాత్రావిశేషములలో ఇట్లు నూఱేండ్లు నిలుచున వెన్ని యని యడుగను. అడిగిన పిన్నలు నవ్వుదురు. కాని పిళ్ళెగారివంటి మిత్రు డొకడు వానిని ఏరి కూర్చిన నేమి నిలువవచ్చునో ఎవరు చెప్పగలరు?

అచ్చుయంత్రము వచ్చిన పిదప మాట వేగము హెచ్చెను. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయమువంటివి తాటియాకుల సరకునంతయు కాగితముమీదికి దింపినవి. తపాలాలో పుస్తకము ఇంటికి వచ్చెను. పత్రికలలో గ్రంథవిమర్శలు వచ్చెను. మచిలీపట్టణమున ముట్నూరి కృష్ణరావుగారి చుట్టును సాయంకాలము కూడు మిత్రబృందమునకు కృష్ణాపత్రిక దర్బారని పేరు. అట్టి దర్బారులు చిన్నవి ఊరూర నుండెను. అరుగుమీద ఒకడు చదువుచుండ పదిమంది వినుటయు అట్టిదే. చదువురానివానికిని పుస్తక మట్లు చేరెను.

నిజాము రాష్ట్రమున ఈ స్నేహమే సంస్థయైనది. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. అందు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ముఖ్యులు. గ్రంథాలయమునకు మొదటి చోటు ఒక మిత్రుని యిల్లగుట గమనింపదగినది. లక్ష్మణరావుగారి యక్క భండారు అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు తాను చదువుకొనుచు నక్కకు నేర్పెను. ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల రచించి స్త్రీల చరిత్రను స్త్రీయే వ్రాయు త్రోవ తీసెను. “అక్కా, ఇది చదువుము” అను మాటకు ఇంతకంటె గొప్ప ఫల మేమి కావలెను? ఆ లక్ష్మణరావుగారే మిత్రులతో గూడి 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర ఆ మండలి తొలి ప్రచురణము. చందాదారులు ముందుగ సొమ్ము కట్టి, మండలివారు ఏ గ్రంథము పంపిన దానిని చదువుటకు సిద్ధపడిరి. చెప్పువారియందు అంతటి నమ్మిక!

కోస్తాజిల్లాలలో 1911లో బెజవాడ రామమోహన ధర్మగ్రంథాలయమును, 1914లో అచ్చటనే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన కూడిన మహాసభయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి పేరు తలపని వ్యాసము ఇట్టి సంచికలో నుండదు. నేనును తలచి నమస్కరించి ముందుకు సాగుచున్నాను. పాతూరి నాగభూషణముగారు 1935లో గుంటూరుజిల్లా కాలువపై పడవ గ్రంథాలయము నడపిన సంగతి మాత్రము పిల్లలకు చెప్పదగినది. ప్రయాణికులు పడవలో గంటలకొలది కూర్చుండవలసినవారే గదా. చేతికి పుస్తక మిచ్చినచో చదువుదురు. ఊరు వచ్చినను కథ ముగియదు. పక్కవాడు “మీరు దిగిపోవుచున్నారు గదా, ఇటిండు” అని యందుకొనును. కాలువ పడవలో పరిచయము లేనివారును పుస్తకముచేత పరిచితు లగుచుండిరి.

తెలంగాణమున ఆ పనిని కాలినడకను చేసినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకములు తానే మోసికొని ఊరూర తిరిగి యమ్మెను. సభ జరుపుటకును సర్కారు అనుమతి కావలసిన రోజులవి. గస్తీ నిశాన్ 53 అను నుత్తరువు పేరు ముసలివారు ఇంకను మఱువలేదు. పదిమంది కూడిన నేరమగుచోట, ఒకడు మఱియొకని చేతిలో పుస్తకము పెట్టుట యెట్లు నేరమగును? ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు చెఱసాలలో నొకచోట నుండిరి. కాగితము లేని యాచోట దాశరథి గోడమీద బొగ్గుతో పద్యములు వ్రాసెననుట ప్రసిద్ధము. అగ్నిధారను దాశరథి ఆ మిత్రునికే అంకిత మిచ్చెను. ఆళ్వారుస్వామి 1961లో మరణించెను. ఆయన సంచీనుండి పుస్తకము కొన్నవా డెవడును అది ప్రకటన చూచి కొనలేదు. ఆయన మొగము చూచి కొనెను.

ఇంతవఱకు చెప్పినదంతయు పొగడ్తయే. ఇప్పుడు రెండవవైపు చెప్పవలెను. స్నేహము పోయినంత దూరమే పుస్తకమును పోయెను. స్నేహమునకు కులపుగోడ యడ్డముండినచోట పుస్తకము గోడ దాటలేదు. అరుగుమీద చదువుట మంచిదే. ఆ యరుగు ఎక్కనీయబడనివారి మాట యేమి? జాషువా కవి 1941లో వెలువరించిన గబ్బిలములో నిరుపేద పంచముడు తన బాధను కాశీలోని శివునితో చెప్పుమని గబ్బిలమును వేడుకొనును. కాళిదాసుని యక్షునకు మేఘము దొరకెను. పింగళి సూరన ప్రభావతికి హంస దొరకెను. ఇతనికి గుడిలోనికి పోగల ప్రాణి గబ్బిల మొక్కటియే. సందేశకావ్యముల వరుస చదివినవారికి ఆ యెంపికలోని దెబ్బ తగులును. స్త్రీలకును గోడలు తక్కువ కావు. తమ్ము డున్నందున అచ్చమాంబగారికి చదువబ్బినది. తమ్ముడు లేనివా రెందఱో. అందుచేతనే సార్వజనిక గ్రంథాలయము అవసరమైనది. రిజిస్టరులో పేరు, ఊరు, పుస్తకపు సంఖ్య, తేది యను గడులుండును. “ఎవరి స్నేహితుడవు?” అను గడి యుండదు. 1948 నాటి మద్రాసు చట్టమును, 1955 నాటి హైదరాబాదు చట్టమును, ఆ పిమ్మట 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలు చేయుట కేర్పాటు చేసినవి. జమాబందీలతో కాలము గడపినవాడను గనుక చెప్పుచున్నాను: సెస్సు కట్టిన ప్రతి యింటికిని ఆ యలమారులో వాటా యున్నది. ఆ సంగతి కట్టినవారికే తెలియదు.

చదువరులైన యువకుల నడుమ మఱియొక రకపు స్నేహము పెరిగెను. శ్రీశ్రీ 1930లలో వ్రాసిన గీతములు మహాప్రస్థానమను పుస్తకముగ వెలువడినది 1950లో. ఈ నడుమ నవి పత్రికలలో, నోటిలో, చేతివ్రాతలో తిరిగినవి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గ్రంథాలయాధికారియైన అబ్బూరి రామకృష్ణరావుగారు ఆ తరమువారి కనేక నూతన గ్రంథములను పరిచయము చేసిరి. శ్రీశ్రీ తన కావ్యమును కీర్తిశేషుడైన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావునకు అంకిత మిచ్చెను. ఆ కావ్యమునకు చలము 1940లోనే యోగ్యతాపత్రమను పేర పీఠిక వ్రాసెను. పీఠికలలో నాకు తెలిసినంతవఱకు అట్టిది లేదు. అలంకారశాస్త్రము దానిలో వెదకిన దొరకదు; తాను చదివి చలించిన వాడు ఇంకొకని భుజము పట్టి కుదుపుచు చెప్పిన మాట యది. ఛందస్సునందు చేయి తిరిగిన నావంటి పాతకాలపువానికి అందులోని కొన్ని విసురులు నచ్చకపోవచ్చును. నచ్చక పోయినను, ఆ పీఠిక చదివిన పిమ్మట పుస్తకము మూయుట యెవనికిని సాధ్యము కాదు. ఇక చలముగారి మైదానము 1927 నాటిది. దానిని స్నేహితులు ఒండొరుల కిచ్చుకొన్న విధము వేఱు. అట్టకు వార్తాపత్రిక కాగితము తొడిగి, పాఠ్యపుస్తకముల నడుమ దాచి యిచ్చుకొనిరి. చదువవలదను పెద్దలమాటయు ఒక రకముగ చదువుమను మాటయే.

తరువాతి కాలమును త్వరగా దాటుచున్నాను. ఎమెస్కోవారి ఇంటింటి గ్రంథాలయము చౌకధరకు పుస్తకములను పల్లెలకు పంపెను. వారపత్రికలోని సీరియలు పుటలు చింపి, దారముతో కుట్టి, అట్ట వేయించి, వీథివీథి త్రిప్పుకొన్న స్త్రీలు ఆ కాలపు నిజమైన గ్రంథాలయ కార్యకర్తలు. వారి పేర్లు ఏ సంచికలోను అచ్చుకాలేదు. యద్దనపూడి సులోచనారాణి నవలలు అద్దెదుకాణమున వరుస పెట్టి తీసికొనిపోయిరని పండితులు ముక్కు విఱిచిరి. ఆ ముక్కువిఱుపు తప్పని నా యభిప్రాయము. వంటయింటిలోనికి పుస్తకమును తెచ్చిన నవలను తక్కువచేయరాదు.

అటుపిమ్మట దూరదర్శనము వచ్చెను, సెల్‌ఫోను వచ్చెను. ఫేస్‌బుక్కు 2004లోను, వాట్సాప్ 2009లోను పుట్టినవి. 2016 తర్వాత డేటా చౌకయై పల్లెపల్లెకు ప్రాకినవి. మన యూరి బడిలో కలిసి చదువుకొన్నవారు, ఉద్యోగములకై హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు పోయినవారు ఇప్పుడు ఒక వాట్సాప్ బృందమున కూడుచున్నారు. పూర్వపు అరుగే యది. కాని దానికి ఊరెల్ల లేదు. తెల్లవారగనే శుభోదయములు, దేవుని బొమ్మలు, రాజకీయపు కలహములు. నడుమ నెవరో పుస్తకపు అట్ట బొమ్మ పంపి “తప్పక చదువవలసినది” అని వ్రాయుదురు. క్రింద బొటనవ్రేళ్లు వరుసగ లేచును. వానిలో ఆ పుస్తకమును చదివిన బొటనవ్రేళ్లెన్ని? పంపినవారే చదివిరా? తాటియాకుల నాటి మిత్రునకును వీరికిని భేద మిక్కడనే. ఆ మిత్రు డొక మాటకు తన పరువును పూటకాపుగ నిలిపెను. ఈ మాట యెవరినుండియో వచ్చి, వ్రేలిక్రింద జారి, ఎవరికో పోవును. దానికి వేలిముద్రయే తప్ప చేవ్రాలు లేదు.

ఇంకొక చిక్కు గలదు. పుస్తకమును చెప్పుటతోపాటు మొత్తము పుస్తకమునే పిడియఫ్ రూపమున పంపివేయుచున్నారు. కాలము చెల్లిన గ్రంథములను, అచ్చులో దొరకని వానిని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావంటి ప్రయత్నములు వేలకొలదిగ చదువరుల కందించినవి. అది మహోపకారమే. పూర్వ మొక ప్రబంధపు పాతముద్రణము చూడవలెనన్న రైలెక్కవలసినవారికి నేడది అరచేతిలో కనబడుచున్నది. కాని బ్రతికియున్న రచయిత, తన సొమ్ముతో అచ్చువేయించుకొన్న పుస్తకమును మిత్రులే యిట్లు పంచిపెట్టుట స్నేహము కాదు. ఉచితముగ వచ్చిన పిడియఫ్ చదువబడుటయు నరుదు. ఫోనులో దాచుకొనుటయే చదువుటగ భావించు నలవాటు పెరుగుచున్నది. మరల నీయవలసిన గడువు లేని పుస్తకమునకు చదువవలసిన గడువును లేదు.

అయినను ఈ బృందములను కేవలము దూషించుట న్యాయము కాదు. కులపుగోడలు వానిలోను లేకపోలేదు. కులమునకొక బృందము నడుచుచుండుట మన మెఱుగుదుము. కాని అపరిచితులైన చదువరులు పుస్తకము పేరున కూడిన బృందములలో ఎవరి యరుగు ఎవరును ఎక్కవచ్చును. వసతిగృహమున చదువుకొను బాలిక యొకతె, తన యూరి పెద్దమనుష్యు డెవ్వడును తన కెన్నడు చెప్పియుండని పుస్తకమును గూర్చి, ఏడుసముద్రముల కావలనున్న తెలుగు స్త్రీనుండి వినుచున్నది. కాలువ పడవలో నట్లే గదా జరిగినది.

మన గ్రంథాలయపు ఇచ్చు పుస్తకపు రిజిస్టరును ఈ సందర్భమున మొదటినుండి తిరుగవేసితిని. మొదటి సంవత్సరములలో ఒకే పుస్తకము ఒకే వీథిలో ఒకరి తర్వాత నొకరు తీసికొనిపోయినట్లు కనబడును. ఇంటినుండి ఇంటికి మాట నడచిన దారిని ఆ పుటలలో వ్రేలితో చూపవచ్చును. నడుమ కొన్ని సంవత్సరములు పుటలు పలుచనైనవి. పోటీపరీక్షల పుస్తకములే యెక్కువ. ఇటీవల వేఱొకటి కానవచ్చుచున్నది. యువకులు ఫోనులో అట్ట బొమ్మ చూపి, “ఇది మన దగ్గఱ నున్నదా, తాతగారూ?” అని మా గ్రంథపాలకుని అడుగుచున్నారు. ఉన్నచో తీసికొనిపోవుచున్నారు. లేనిచో ఆయన యొక చిన్న నోటుపుస్తకములో పేరు వ్రాసికొనుచున్నారు. నిధులు వచ్చినపుడు మొదట కొనవలసినవి ఆ పేర్లేయని కార్యవర్గమువారికి నేను మనవి చేసితిని, వారంగీకరించిరి.

ఎవరును అడుగని పుస్తకములు అటకమీది పెట్టెలలోనికి పోవుచున్నవి. స్థలము చాలదు గనుక అది తప్పదు. పెట్టెలోనికి పోవుటకు పూర్వము ప్రతి పుస్తకమును మాలో నెవరో యొకరు చదివి, బాగున్నచో బృందమున నాలుగు మాటలు, తన పేరుతో, వ్రాయవలెనని గత సంక్రాంతినాడు ఏర్పాటు చేసికొంటిమి. చదువకుండ వ్రాయరాదు, ఇతరులు వ్రాసినది పంపరాదు. ఈ రెండే నియమములు. ఇంతవఱకు పెట్టెనుండి మరల అలమారులోనికి వచ్చినవానిలో కాశీయాత్ర చరిత్రయు, ఆళ్వారుస్వామి ప్రజలమనిషియు గలవు. గబ్బిలము రెండు ప్రతులును ఈ వ్యాసము వ్రాయునాటికి బయటనే యున్నవి. అందొకదానికి అట్ట యూడినది. తిరిగి రాగానే బైండింగునకు పంపవలెను.